గుండె కెదురు దరువు

దగ్గఱకు జరిగి కూర్చుండుఁడు తల్లులారా. తవుడయ్య గుండె కథ చెప్పెదను, చెవులు నా కొప్పగింపుఁడు.

అది ఫాల్గుణమాస సాయంసమయము. మధూకకుసుమపరిమళభరితమందమారుతము కొండవాలున దిగివచ్చి గొఱ్ఱెలమందలు రేపిన ధూళితోఁ గలసి యూరిపై సువర్ణవితానము పఱచినట్లుండఁగా పశ్చిమగిరిశిఖరవిలంబితుఁడైన భాస్కరుఁడు గంగమ్మ గుడిముంగిటి పచ్చతోరణముల నరుణవర్ణములఁ జేయుచుండెను. నాఁడు జాతర.

ఱేకుతప్పెటను ఱొమ్మునకుఁ గట్టుకొని యిరుచేతుల వాయించుచుఁ గాలిగజ్జెలు ఘల్లుమన నెగిరియాడు తప్పెటగుళ్ల బృందమునకుఁ దవుడయ్యయే నాయకుఁడు. అట్టి గొల్లవీరుని నిరుటి మాయదారి విషజ్వర మూపిరితిత్తులఁ బట్టి మృత్యుద్వారపర్యంతము గొనిపోయి విడిచెను. జ్వరము వోయెను గాని భయము పోదయ్యెను. కంచము ముందఱఁ గూర్చున్న దడ, మంద వెంట నడచిన దడ, ఊరక పండుకొన్నను దడ. పట్టణపు వైద్యుఁడు యంత్రములఁ బెట్టి చూచి, గుండె నిక్షేపముగా నున్నది, పెద్దజబ్బు విడిచిన దేహమున నిట్టి దడయు దిగులును గొంతకాల ముండును, మెల్లమెల్లగా నాట సాగింపు మని చెప్పి పంపెను. తవుడయ్యకు నమ్మిక చిక్కలేదు. వాకిటికి వచ్చినవారి నెల్లఁ దన ఱొమ్మునఁ జెవి యానించి విను మని బతిమాలుకొనువాఁడు. పాలకు వచ్చిన చెవిటి యవ్వయు నటులే యానించి బాగున్నదని చెప్పి చెంబుతోఁ బోయెనఁట.

ఏండ్లకొలది ఱొమ్మునఁ గట్టిన తప్పెట గుండెలోనికి దిగినదనియు మరలఁ గట్టిన గుండె పగులుననియు కులపెద్దలు తీర్మానించి యా జాతరనుండి నాయకత్వమును బావమఱిది యసిరయ్య కిచ్చెదమనిరి. ఆ మాట విని తవుడయ్య మంచముపైఁ గూలఁబడి భార్యయైన గవిరమ్మను జెవి పెట్టి చూడు మనెను. ఆమె చూరునఁ గట్టిన తప్పెటను దించి తెచ్చెను.

“నాను సెవెట్టను మావా. నిరుడు నీకు ఊపిరాడనప్పుడు ఈ గుండె సప్పుడు ఆగకూడదనే గంగమ్మకి మొక్కినాను. ఇప్పుడది గట్టిగా కొట్టుకుంతందని ముసుగెట్టుకు పడుకుంతావేటి?”

తవుడయ్య ముసుఁగు తొలఁగించెను. పిదప లేచి ఱొమ్ము చూపెను.

“బిగించి కట్టు. జారితే అసిరిగాడు నవ్వుతాడు.”

తవుడయ్యయే ముందు నిలువఁగా గుడిముంగిట దరువు మొదలయ్యెను. రెండవ పాట నడుమ నా పాడు దడ కట్ట తెగిన వాఁగువలె నెగసెను. నాలుక పిడుచగట్టెను, ఇదియే చావని మనసు గోలపెట్టెను. అసిరయ్య ప్రక్కకు వచ్చి తప్పెట దించుమని, తా నందుకొందునని మెల్లగాఁ జెప్పి ముడిపైఁ జేయి వేసెను. తవుడయ్య యా చేతిని త్రోసివైచెను.

“గుండె పరుగు దానిది. దరువు నాది. ఎనక్కెల్లి నిలబడు.”

గుండె యాతని దరువునకు రాలేదు, ఆతఁడును గుండె వెంటఁ బోలేదు. ఊపిరి చాలనిచోట పాట వెనుకవారికి విడిచి, చాలినచోట మరల నందుకొని, భాస్కరుఁడు గ్రుంకువఱకు నాడెను. తప్పెట విప్పునప్పుడును ఱొమ్ము దడదడలాడుచునే యుండెను. ఆతఁడు రాగులు కాచిన చోడియంబలి త్రాగి మీసము తుడుచుకొని పొరుగూరి జాతర యెన్నఁడని పెద్దల నడిగెను.

తల్లులారా, జబ్బు తగ్గియు గుండె దడకు జడియువా రెవ్వరైనఁ గనఁబడినచో ప్రక్కఁ గూర్చుండి యీ కథ గుర్తుంచుకొని చెప్పుఁడు. దడ తగ్గిన పిమ్మట నాడెనని మాత్రము మార్చి చెప్పకుఁడు. అది కొట్టుకొనుచుండఁగనే యాడెను.