సిలబస్‌లో లేని నీళ్లు

కరోనా రెండో ఏడు కన్నమ్మ బీఎస్సీ మైక్రోబయాలజీ ప్రాక్టికల్స్ అన్నీ సెల్‌ఫోన్లోనే చేసింది. విశాఖలో ఆమె చదివే ప్రైవేటు కాలేజీ హాస్టల్ మూసేస్తే, ఇనుప గనుల ఊళ్లో, కిరండూల్ రైలు లైను పక్క బస్తీలో ఉన్న ఇంటికి వచ్చేసింది. తండ్రి యేసుపాదం రైల్వేలో ట్రాక్‌మన్. ఇనుపరాయి గూడ్సు వెళ్లినప్పుడల్లా తీగ మీద ఆరేసిన తెల్ల చొక్కాలు ఎర్రబడే బస్తీ అది.

ఫోన్లో వేలితో తడితే స్పిరిట్ దీపం వెలిగేది. ఇంకోసారి తడితే సూక్ష్మజీవుల్ని అంటించే తీగ ఎర్రగా కాలేది. గాజు పళ్లెం మీద వేలు రాస్తే సూక్ష్మజీవులు వరసగా, బుద్ధిగా మొలిచేవి. కన్నమ్మకు నూటికి తొంభై ఎనిమిది వచ్చాయి. ఆ రెండు మార్కులూ నెట్ పోయినందుకు పోయాయి.

"మనది డిజిటల్ ల్యాబ్ అమ్మా," అనేవారు జయరావు మాష్టారు గర్వంగా. "ఇందులో గాజు పగలదు, చెయ్యి కాలదు, కంటామినేషన్ అనేదే రాదు."

చివరి అసైన్‌మెంట్ మీ ఇంటి కుళాయి నీటిని పరీక్షించడం. ఫోన్లో 'కుళాయి నీరు' అన్న బొమ్మను నొక్కాలి, ఫలితం రాయాలి. కన్నమ్మ బొమ్మ నొక్కబోయి ఆగింది. కుళాయి ఆరడుగుల దూరంలో ఉంది మరి.

కిరాణా కొట్లో, జెల్లీలా గడ్డకట్టే చైనా గ్రాస్ కొని, చికెన్ ఉడికించిన నీళ్లలో కరిగించింది. పాడైపోయిన కరెంటు పొయ్యి తీగ కత్తిరించి, కొస గుండ్రంగా వంచింది. ఆ జెల్లీ పోసిన, మూతలున్న చిన్న స్టీలు గిన్నెల్ని కుక్కర్‌లోకి ఎక్కించింది.

తల్లి దేవుడమ్మ గుమ్మంలోనే ఆగిపోయింది. "ఒలమ్మ! పప్పు కుక్కర్‌లో పురుగులు పెంచుతావేటే?"

"ఇందులో సంపుతానమ్మా. పెంచేది తర్వాత."

"అదెక్కడి సదువే తల్లీ!"

తీగ కాల్చి ఒక గిన్నెలో కుళాయి నీళ్లు, ఇంకో గిన్నెలో మరిగించిన నీళ్లు రాసింది. మొదటిరోజే బొటనవేలు కాలింది. మూడోరోజుకి గిన్నెలన్నిట్లోనూ మచ్చలు లేచాయి. ఏమీ వెయ్యకుండా ఉత్తగా ఉంచిన గిన్నెలో కూడా! కుక్కర్ రెండు కూతలకే దించేసిందని అప్పుడు తెలిసింది. కాసేపు ఏడుపొచ్చింది. తొంభై ఎనిమిది మార్కులు వచ్చిన పిల్లకు గిన్నె కడగడం రాలేదు.

మళ్లీ చేసింది. ఈసారి అరగంట ఉడికించింది. ఉత్త గిన్నె శుభ్రంగా ఉంది. మరిగించిన నీళ్ల గిన్నె కూడా అంతే. కుళాయి నీళ్ల గిన్నెలో మాత్రం పసుపు పచ్చని చుక్కలు కిక్కిరిసి ఉన్నాయి. ఇరవై నిమిషాలు ఆ గిన్నె ముందునుంచి లేవలేదామె. తన చేతులతో చేసినదానికి మొదటిసారి సమాధానం వచ్చింది.

ఫోటోలు పంపింది. సాయంత్రానికి మార్కు వచ్చింది, సున్నా.

"సరైన సమాధానం 'పెరుగుదల లేదు' అమ్మా," అన్నారు మాష్టారు ఫోన్లో.

"కానీ పెరిగింది కద సార్. రెండుసార్లు చేశాను."

"నీ నీళ్లు సిలబస్‌లో లేవు." తర్వాత గొంతు తగ్గించారు. "నిజం చెప్పాలంటే సాఫ్ట్‌వేర్ దిద్దడానికి నాకు పాస్‌వర్డ్ ఇవ్వలేదమ్మా. ముందు ఆ నీళ్లు తాగడం ఆపండి."

కన్నమ్మ గిన్నె పట్టుకుని బస్తీ కమిటీ కార్యదర్శి రామారావు దగ్గరికి వెళ్లింది. నీళ్ల ట్యాంకు చూసుకునే పని ఆయనదే, ఆయన చూడడమే ఉండదు. ఆయన గిన్నెలోకి తొంగిచూసి నవ్వాడు.

"గనుల ఊరు నీళ్లమ్మా. ఇనుముంటాది. రక్తం పడతాది. పట్నంలో ఇదే మాత్రలు చేసి అమ్ముతారు."

"ఇనుము పెరగదండి. ఇవి పెరుగుతున్నాయి."

"వానాకాలం ఏదైనా పెరుగుతాది."

ఈ మాట విన్న దేవుడమ్మ గిన్నె మూతకి టేపు చుట్టి, కొంగు దోపుకుని బయల్దేరింది. కుళాయి దగ్గర బిందెలతో నిలబడ్డ ఆడవాళ్లందరికీ చూపించింది. "మన పిల్లల కడుపులో ఇదే ఉందట సూడండి!" వారం నుంచి విరేచనాలతో నీరసించిన పిల్లలు ఆరిళ్లలో ఉన్నారు. మధ్యాహ్నానికి పాతిక మంది ఆడవాళ్లు రామారావు గేటు ముందు ఉన్నారు.

వాల్వు తిప్పే సుక్రాం నిచ్చెనెక్కాడు. ట్యాంకు మూత సగమే ఉంది. లోపలికి చూసి ముక్కు మూసుకున్నాడు.

"కబూతర్, దీదీ! మరే హుయే! చార్!"

నాలుగు చచ్చిన పావురాలు. రామారావు ఇనుము మాట వదిలేసి, బ్లీచింగ్ పొడి కోసం మనిషిని పంపాడు. రెండు రోజులు ట్యాంకు కడిగారు, మందు కలిపారు, కొత్త మూత బిగించారు.

ఈ సంగతి కాలేజీకి తెలిసింది. మర్నాడే వాళ్ల వెబ్‌సైట్‌లో కన్నమ్మ ఫోటో వచ్చింది. కింద 'మా డిజిటల్ ల్యాబ్ సాధించిన విజయం' అని రాశారు. ప్రిన్సిపాల్ అభినందన లేఖ వచ్చింది. దాంతోపాటే ఇంకో కాగితం కూడా వచ్చింది. కుళాయి నీటి ప్రాక్టికల్‌లో ఫెయిలయినందున సప్లిమెంటరీ రాయాలట.

రాసింది. ఫోన్లో 'కుళాయి నీరు' బొమ్మ నొక్కింది. వేలు కాసేపు గాల్లోనే ఆగింది. చివరికి 'పెరుగుదల లేదు' అన్న గడిలో టిక్కు పెట్టింది. నూటికి నూరు వచ్చాయి. తెరమీద రంగురంగుల బుడగలు ఎగిరాయి.

ఆమె ఫోను బోర్లా పెట్టి, స్కూలు బోరు నీళ్లు కూడా పరీక్షించమని సుక్రాం పట్టి తెచ్చిన సీసా మూత తీసింది.