మాస్కు వెనక మాట

లూర్దు మేరీకి పదకొండో ఏట మెదడువాపు జ్వరం వచ్చింది. ప్రాణం దక్కింది గానీ వినికిడి పోయింది. అప్పటికే మాటలు బాగా వచ్చు కాబట్టి మాట్లాడటం మానలేదు. ఎదుటివాళ్ల పెదాలు చూసి ఏమంటున్నారో పట్టుకోవడం నేర్చుకుంది. 2006 నాటికి ఆమెకి ముప్పై ఏళ్లు దాటాయి. అనకాపల్లిలో త్రినాధరావు నడిపే డీటీపీ సెంటర్‌లో శుభలేఖలూ కరపత్రాలూ టైపు చేసేది. పని లేనప్పుడు అదే కంప్యూటర్ మీద కథలు రాసుకుని పత్రికలకి పంపేది. ఒక్కటీ అచ్చు కాలేదు.

ఆ వేసవిలో ఊళ్లో కథల వర్క్‌షాపు పెట్టారు. మేరీ కథని ఒక పెద్ద రచయిత చదివి, పక్కనున్నాయన వైపు వంగి అన్నాడు.

"అన్నీ సినిమా డైలాగులే. పాపం, చెవులు వినపడని మనిషి సంభాషణలు ఎలా రాస్తుంది? కవిత్వమేదైనా రాసుకోమనండి."

గొంతు బాగా తగ్గించే అన్నాడు. మెల్లగా అన్నా గట్టిగా అన్నా మేరీకి ఒకటే. ఆయన పెదాల మీద ప్రతి మాటా స్పష్టంగా కనిపించింది. భోజనాల వేళకే లేచి వచ్చేసింది.

కోపం చల్లారడానికి వారం పట్టింది. తర్వాత తన పాత కథలన్నీ తీసి వరసగా చదివింది. వాటిలో మనుషులు చీకట్లో మాట్లాడుకుంటున్నారు. పక్క గదిలోంచి కేకలేసుకుంటున్నారు. ఒకరికొకరు వీపు తిప్పుకుని పెద్ద పెద్ద వాక్యాలు చెప్పుకుంటున్నారు. తనతో ఎవరైనా ఎప్పుడైనా అలా మాట్లాడారా? కరెంటు పోతే తనకి మాటలూ పోతాయి. ఎవరైనా తల తిప్పితే వాక్యం సగంలో తెగిపోతుంది. ఇన్నాళ్లూ చెవులున్నవాళ్ల లోకాన్ని అరువు తెచ్చుకుని రాసిందన్నమాట. సంభాషణలు కృతకంగా ఉన్నాయన్నది నిజమే. తనకి రాయడం చేతకాదన్నది మాత్రం అబద్ధం.

ఆ రోజే నాన్న కథ మొదలుపెట్టింది.

నాన్న రోనాల్డ్ తుమ్మపాల చక్కెర ఫ్యాక్టరీలో ఫిట్టర్. అంతకు రెండేళ్ల ముందు వైజాగ్ ఆసుపత్రిలో చనిపోయాడు. ఆ చివరి రోజు ఆయన తెలివిలో లేడు. మేరీ ఆయన కాళ్లు రుద్దుతూ కూర్చుంది. మూతికి మాస్కు కట్టుకున్న డాక్టర్ వచ్చి అమ్మతోనూ అన్నయ్య అరుణ్ కుమార్‌తోనూ ఏదో చెప్పాడు. గుడ్డ కదిలింది, అంతే. అన్నయ్య కిటికీ వైపు తిరిగిపోయాడు. అమ్మ మాత్రం మంచం దగ్గరికొచ్చి, నాన్న చేతికున్న వాచీ విప్పి తన బ్యాగులో పెట్టుకుంది. నాన్న ఇంక ఇంటికి రాడని మేరీకి అప్పుడు తెలిసింది.

ఇదంతా జరిగింది జరిగినట్టే రాసింది. డాక్టర్ మాట్లాడిన చోటల్లా తెల్లగా ఖాళీ వదిలింది. అన్నయ్య "మేరీకి ఇప్పుడే" అని తల తిప్పితే అక్కడ వాక్యం ఆపేసి మళ్లీ ఖాళీ వదిలింది. కథని ఒక వారపత్రిక పోటీకి పంపింది.

నెల తర్వాత పత్రిక ఎడిటర్ దగ్గర్నుంచి డీటీపీ సెంటర్‌కి ఫోనొచ్చింది. త్రినాధరావు మేరీకి ఎదురుగా నిలబడి, అవతల్నుంచి వచ్చిన ప్రతి మాటా తిరిగి చెప్పాడు.

"ఫస్ట్ ప్రైజు ఇద్దామనుకుంటన్నారట! కానీ కొన్నిసోట్ల టైపు పడలేదట. డాక్టరు ఏటన్నాడో రాసి పంపమంటన్నారు. టైము లేకపోతే ఆళ్లే రాసేసుకుంటారట."

"వద్దని చెప్పండి బాబాయ్."

"ఏటమ్మా! ప్రైజు పోద్దేమో!"

మేరీ లేచి రిసీవర్ తీసుకుంది. ఇరవై ఏళ్లలో ఫోనులో మాట్లాడటం అదే మొదలు.

"నేను లూర్దు మేరీని. మీరేమన్నా నాకు వినపడదు, నేను చెప్పేది వినండి. అక్కడ టైపు పడకపోవడం కాదు. డాక్టర్ ఏమన్నాడో నాకు ఈ రోజుకీ తెలీదు. నాకు తెలీనిది నా కథలో ఎవరూ రాయొద్దు. ఖాళీలు ఖాళీలుగానే వెయ్యండి. కుదరదంటే కథ తిప్పి పంపెయ్యండి."

రిసీవర్ త్రినాధరావుకి ఇచ్చేసింది. అతను చెవి దగ్గర పెట్టుకున్నాడు, మేరీ అతని పెదాలే చూస్తోంది.

"ఏమంటున్నారు?"

అతని మొహం విచ్చుకుంది. "అర్థమైందమ్మా అంటన్నారు. మళ్లీ అదే మాట అంటన్నారు. ఒక్క అక్షరం ముట్టుకోరట!"

కథ ఖాళీలతో సహా అచ్చయింది. మొదటి బహుమతి వచ్చింది. కథ కింద వేసిన నంబరు చూసి మేరీ సెల్‌కి మెసేజీలు వచ్చిపడ్డాయి. పాయకరావుపేట నుంచి ఒక నర్సు, "ఇంక పేషెంటువాళ్లతో మాస్కు తీసే మాట్లాడతాను" అని పంపింది. ఆ మెసేజీని మేరీ చాలాసార్లు చదువుకుంది.

ఒక ఆదివారం ఊళ్లో సన్మానం చేశారు. సూర్యకళ అనే లెక్చరర్ వేదిక మీద కథ చదివింది. మొదటి ఖాళీ దగ్గర ఆగగానే మైకు పోయిందనుకుని మైకతను వైర్లు చూడటానికి పరిగెత్తుకొచ్చాడు. అందరూ నవ్వారు, మేరీ కూడా నవ్వింది. రెండో ఖాళీకి నవ్వులు లేవు. మూడో ఖాళీ దగ్గర హాల్లో ఎవరూ కదల్లేదు. అందరూ సూర్యకళ మొహంలోకే చూస్తున్నారు, మెడలు ముందుకి చాచి, పెదాలు ఏమైనా కదులుతాయేమోనని.

తను మనుషుల్ని రోజూ చూసే చూపు అది. ఇవాళ హాలు నిండా అదే చూపు. మేరీకి గుండె నిండిపోయింది.

సోమవారం పొద్దున్నే డీటీపీ సెంటర్ తెరిపించి కంప్యూటర్ ముందు కూర్చుంది. కొత్త కథ మొదటి వాక్యం అప్పటికే సిద్ధంగా ఉంది. శుభలేఖల కోసం వచ్చినవాళ్లని త్రినాధరావు గుమ్మంలోనే ఆపేశాడు.

"కూకోండి. మా రైటరుగారు పన్లో ఉన్నారు."