తొక్కల చేతులు

మటోకె అనే పచ్చి అరటికాయల తొక్క తీసి నీళ్ళగిన్నెలో వేయడం వరకే ఆ ఇంట్లో నకివాలా వంట. ఆ తర్వాత కాయలను అరటాకులో మూటకట్టడం, కుండలో దించడం, మూడు గంటలు ఆవిరి మీద ఉడికాక ఆ మూటను ఆకుమీద నుంచే రెండు చేతులతో ఒత్తి ముద్ద చేయడం, అంతా అత్తగారే చూసుకునేది. కంపాలాలో ఏ ఇంట్లోనైనా అది కోడలి పని. ఆ ముద్ద మెత్తదనాన్ని బట్టే కోడలెలాంటిదో చెప్పేస్తారు. ఈ ఇంట్లో మాత్రం ఏడేళ్ళ నుంచి ఆ పని ఆమెకు లేదు. కుండ కింద మండే బొగ్గు ఉండలు మాత్రం ఆమె చేసినవే. ఆ మంట మీద ఉడికింది తినడానికి ఎవరికీ ఏ అభ్యంతరమూ లేదు.

"చేతులు కడుక్కున్నావుటే?" అని అత్తగారు ఆ ఉదయం కూడా అడిగింది.

"కడుక్కున్నాను అత్తయ్యా."

"ఏం కడుక్కున్నావో. గోళ్ళల్లో మసి అలాగే ఉంది. ఇవాళ పెద్దవాళ్ళొస్తున్నారు. వాళ్ళ ముందుకొచ్చేటప్పుడు ఆ చేతులు కొంగులో దాచుకో."

నకివాలా ఇంకో కాయ తీసుకుంది.

ఎనిమిదేళ్ళ క్రితం ఆమె భర్త సెమండా మోటారు సైకిల్ మీద ప్రయాణికుల్ని తిప్పేవాడు. ఒక వానాకాలం బండి జారి కాలు విరగ్గొట్టుకుని నాలుగు నెలలు మంచం మీదే ఉన్నాడు. ఇంట్లో బొగ్గు కొనే దారి లేకపోయింది. కాలువ పక్కన ఉన్న ఆ పేటలో దేనికి కరువున్నా అరటితొక్కలకు కరువు లేదు. ప్రతి గుమ్మం ముందూ పచ్చటి కుప్ప, సాయంత్రానికి అది కాలువలోకి పోయేది. కాలువ పూడి, వానొస్తే ఆ నీళ్ళు ఇళ్ళల్లోకే వచ్చేవి. నకివాలా ఆ తొక్కల్ని తోపుడుబండిలోకి ఏరి, ఎండబెట్టి, పాత డ్రమ్ములో మూతపెట్టి మాడ్చింది. ఆ మసిలో పుట్టమన్ను, కర్రపెండలం గంజి కలిపి చేత్తో ఉండలు చుట్టింది. మొదటి నెల అన్నీ పొడిపొడి అయిపోయాయి. రెండో నెల పొగొచ్చింది. మూడు రోజులు నీడన, నాలుగు రోజులు ఎండన ఆరితేనే లోపలి తడి పోతుందని తెలుసుకునేసరికి ఏడాది పట్టింది. ఆ విషయం ఆమెకు ఎవరూ చెప్పలేదు. బూడిదను ఇంటి వెనక ఆకుకూర మడిలో పోసింది, ఆ ఆకుకూర తొడిమలు పక్కింటి మేకకు వేసింది. కాలువ పారడం మొదలైంది. అది ఎందుకు పారుతోందని మాత్రం పేటలో ఎవరికీ సందేహం రాలేదు.

కాలు బాగైన సెమండా ఒకరోజు నలుగురు స్నేహితుల్ని భోజనానికి పిలిచాడు. నకివాలా అక్కడి ఆడవాళ్ళ ఆచారం ప్రకారం ఎప్పటిలాగే మోకాళ్ళ మీద కూర్చుని పళ్ళెం అందించింది. ఒకడు ఆమె వేళ్ళ వంక చూసి నవ్వాడు. సెమండా ముఖం మాడిపోయింది. "ఇక మీదట ఆ చేతులతో నా భోజనం ముట్టుకోకు" అన్నాడు, అందరూ వినేలా. ఆ పళ్ళెం వెనక్కి నెట్టాడు. అత్తగారు మాట అందుకుంది. "నా కొడుకు కట్టుకున్నది ఆడదాన్నా, మేకనా అని నాకే అనుమానం. పొద్దున లేస్తే తొక్కల వెంటే." స్నేహితులు కడుపుబ్బ నవ్వారు. నకివాలా కూడా నవ్వింది. నవ్వకపోతే ఏడుస్తానని భయమేసింది. ఆ నవ్వును మాత్రం తనకు తాను ఇప్పటికీ క్షమించుకోలేదు.

అలా జరిగిపోతుండగా రెండు నెలల క్రితం నగర కార్యాలయం నుంచి బిరుంగి అనే అధికారిణి వచ్చింది. కాలువ శుభ్రంగా ఉన్న పేట ఇదొక్కటేనట, కారణం తెలుసుకోవాలట. చర్చి వరండాలో పేటవాళ్ళందర్నీ కూర్చోబెట్టి పలక మీద పెద్ద సున్నా గీసింది. వంటిల్లు, తొక్కలు, బొగ్గు, మళ్ళీ వంటిల్లు, బూడిద, మడి. ఒకదాన్నుంచి ఒకదానికి బాణాలు. దీన్ని చక్రీయ ఆర్థిక వ్యవస్థ అంటారని, ఇందులో ఏదీ వృథా పోదని చెప్పింది. ఈ పేట నుంచి ఒక శిక్షకుణ్ణి ఎంచుకుని, సంతలో ఒక గదిచ్చి, మిగతా పేటలకు నేర్పిస్తామంది. నకివాలా నీళ్ళ కూజా పట్టుకుని గోడవార మోకాళ్ళ మీద ఉంది. బొమ్మను చాలాసేపు చూసింది. బాగుంది, తను చేసేదంతా అందులో ఉంది. ఆ బాణాల వెంబడి తోపుడుబండి తోసే మనిషి మాత్రం ఎక్కడా లేదు. అయినా ఆ గది తనదేననుకుంది. పెళ్ళయ్యాక ఆమె తనకంటూ ఒకటి కావాలని కోరుకోవడం అదే మొదలు.

"ఇది ఈ పేటలో ఎవరు మొదలుపెట్టారు?" అని బిరుంగి అడిగింది.

సెమండా గొంతు సవరించుకున్నాడు. "మా ఇంట్లోనే మొదలైంది మేడమ్. కాలు విరిగి మంచాన పడ్డప్పుడు ఆలోచించాను. ఆలోచన నాది, ఆడవాళ్ళు చేతిసాయం చేస్తారు."

భర్త మాట్లాడుతుండగా బయటివాళ్ళ ముందు కాదనడం ఆమెను పెంచినవాళ్ళు నేర్పలేదు. ఆడవాళ్ళంతా ఆమె వైపు చూశారు. ఆమె కూజా వైపు చూసింది.

నెల తిరిగేలోగా చేత్తో తిప్పే అచ్చు యంత్రం ఒకటి, రేకుల షెడ్డు ఒకటి వచ్చాయి. కొత్తగా పెట్టిన బొగ్గు ఉండల సంఘానికి సెమండా అధ్యక్షుడయ్యాడు. ఆమె డ్రమ్మును షెడ్డులోకి మార్పించి తాళం వేసి, తాళంచెవి తన నడుముకి కట్టుకున్నాడు. తొక్కలు ఏరి తెచ్చేది మళ్ళీ నకివాలాయే, మాడ్చేది, కలిపేది ఆమె నేర్పిన పేట ఆడవాళ్ళే. వాళ్ళకు స్వచ్ఛంద సేవకులని పేరు పెట్టారు. సంత గదికి రంగులు కూడా వేయించారు. నగర కార్యాలయంవాళ్ళకు చర్చి దగ్గర భోజనం పెట్టాలనుకున్నారు. ఆ రోజు పెద్దవాళ్ళంతా ఆ ఉండల మీద వండిన మటోకె తిని, శిక్షకుడి పేరు ప్రకటిస్తారు. దానికి ఇంకా ఐదు రోజులుందనగా యంత్రం కొత్త ఉండలు పోసింది. చక్కగా, నల్లగా, అన్నీ ఒక్కలాగే ఉన్నాయి. రెండో రోజే వాటిని బస్తాల్లోకి ఎత్తించబోయాడు సెమండా.

నకివాలా ఉండబట్టలేక మోకాళ్ళ మీద కూర్చునే, అయ్యా అన్నట్టు సెబో అని పిలిచి చెప్పింది. "సెబో, అవి ఇంకా ఆరలేదు. పైకే గట్టిగా ఉన్నాయి. వారం పడుతుంది."

"యంత్రం ఒత్తి నీళ్ళు పిండేసింది. నీ చేతులనుకున్నావా?" అని అందరి వంకా తిరిగి, "మా తొక్కల ప్రొఫెసరమ్మ" అన్నాడు. షెడ్డంతా నవ్వింది. తను పని నేర్పిన ఆడవాళ్ళు కూడా నవ్వారు.

అత్తగారు చేతులు దాచుకోమన్న ఆ భోజనం రోజు వచ్చింది. చర్చి వెనక మూడు పొయ్యిల మీద మూడు పెద్ద కుండలు ఎక్కించారు. ఉండలు మొదట ఎర్రగానే రాజుకున్నాయి. అరగంటకల్లా చిటపటమని, తెల్లటి పొగ కక్కి చల్లబడ్డాయి. మూట కట్టిన మటోకెను మధ్యలో విప్పి చూడరు, ఆవిరి పోతుంది. ఆకు మీద చెయ్యేసి ఒత్తి చూడాలి. మూడు గంటలయ్యాక అత్తగారు ఒత్తింది. ముద్ద కాలేదు. ఆకు కింద కాయలు రాళ్ళలాగే ఉన్నాయి. అవతల పందిట్లో బిరుంగి, ఆమె వెంట వచ్చిన తెల్లవాళ్ళు, చర్చి పెద్దలు, అంతా పళ్ళేలకోసం ఎదురు చూస్తున్నారు.

సెమండా చెమటలు కక్కుతూ పొయ్యిల దగ్గరికి వచ్చాడు. నకివాలా చెవి దగ్గర పళ్ళబిగువున అన్నాడు. "మంచం కింద నువ్వు చేత్తో చేసిన ఉండలు రెండు బస్తాలున్నాయి కదా. వెనక దారిన పట్టుకురా. ఎవరి కంటా పడకు."

ఆమె లేచింది. నిజంగానే తెద్దామని లేచింది. అంతమంది ఆకలి, ఆ ఆడవాళ్ళ భయం, అన్నీ చూసి తేవాలనే అనుకుంది. ఇంతలో పొగ చూసి బిరుంగి అటే వచ్చింది. "ఏమైంది సెమండా గారూ?"

"ఏం చెప్పను మేడమ్. ఆరబెట్టేది ఆడవాళ్ళు. మా ఆవిడకి లక్షసార్లు చెప్పాను, వారం ఆరాలని. బుర్రకెక్కదు." తర్వాత నకివాలా వైపు తిరిగాడు. "చూస్తావేం, మంట సరిచెయ్యి."

తను చెప్పిన వారం, తన నోటి మాట, అతని నోట్లోంచి వచ్చింది. నకివాలా బూడిదలో మోకాళ్ళ మీద కూర్చుంది. తల వంచింది. ఏ భర్తకైనా ముచ్చటేసేంత వినయంగా, పందిట్లోకి వినిపించేంత స్పష్టంగా అంది. "ఈ చేతులతో మీ భోజనం ముట్టుకోవద్దన్నారు కదా సెబో. ఏడేళ్ళుగా ముట్టుకోలేదు. ఇంతమంది ముందు నా చేత మాట తప్పించకండి."

ఎవరూ నవ్వలేదు. మంట మళ్ళీ రాజుకోనూ లేదు.

ఆమె ఆ రెండు మాటలతో ఏదో మారుతుందనుకుంది. బిరుంగి ఆమె చేతుల వంక ఒక్క క్షణం చూసింది, తర్వాత గడియారం చూసుకుంది. పచ్చి మటోకెను పక్కకు నెట్టి అరటిపళ్ళతో సరిపెట్టుకున్నారు. బిరుంగి పుస్తకంలో రాసుకున్నది పైకే చదివింది. "ఈ పేటలో ఆడవాళ్ళకు ఆరబెట్టడం మీద అవగాహన లేదు. ముందు ఇక్కడే శిక్షణ ఇవ్వాలి. శిక్షకుడు సెమండా." చప్పట్లు కొట్టారు. పరువు నిలిచిందని ఆడవాళ్ళు ముందుగా కొట్టారు.

ఆ సాయంత్రం సెమండా తలుపు గడియ పెట్టి ఆమెను బెల్టుతో కొట్టాడు. వీపు మీద, పిక్కల మీద. ముఖం జోలికి పోలేదు, మర్నాడు శిక్షణలో ముందు వరసలో కూర్చోబెట్టాలి కాబట్టి. అత్తగారు అవతల గదిలో కూర్చుని, "మెల్లగా కొట్టరా, మోకాళ్ళ మీద కొట్టకు, రేపు కూర్చోవాలి" అంది.

మర్నాడు నకివాలా ముందు వరసలో కూర్చుంది. నీడన మూడు రోజులు, ఎండన నాలుగు రోజులు అని భర్త చెబితే తల ఊపింది. ఇంటికి వచ్చి తోపుడుబండిని గోడకు బోర్లించింది. నిమ్మచెక్క, బూడిద తీసుకుని గోళ్ళు తోముకోవడం మొదలుపెట్టింది. ఆ పూటే కాదు, వరసగా ఐదు రోజులు. ఎవరేమన్నా పేటలోకి పోలేదు. గుమ్మాల ముందు తొక్కలు పేరుకుని, కుళ్ళి, ఈగలు ముసిరి, పాతదారినే కాలువలోకి జారాయి. షెడ్డులో యంత్రానికి తిప్పడానికేమీ లేకపోయింది. పక్కింటావిడ వచ్చి, "నీకేమైనా రోగమా?" అని అడిగింది. నకివాలా లేదంది. మరి తొక్కలు ఎవరెత్తుతారంది ఆవిడ. శిక్షకుణ్ణి అడగమంది నకివాలా.

ఆదివారం మధ్యాహ్నం ఆమె మంచం కింది బస్తా విప్పి తన ఉండలతో పొయ్యి రాజేసింది. మటోకె తొక్క తీసింది. తనే ఆకులో మూటకట్టింది, తనే కుండలో దించింది. అత్తగారు గుమ్మంలో నిలబడి నోరు తెరిచింది కానీ కోడలి చేతులు చూసి ఆగిపోయింది. గోళ్ళల్లో మసి లేదు. నిమ్మరసానికి చర్మం మాత్రం అక్కడక్కడ పగిలి ఎర్రగా ఉంది. నకివాలా ఏడేళ్ళ తర్వాత మూటను దించి, వేడి ఆకు మీద రెండు చేతులూ వేసి ఒత్తింది. మెత్తగా అణిగింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి, తుడుచుకోలేదు. ఒకే ఒక్క పళ్ళెంలో పెట్టుకుని, మోకాళ్ళ మీద కాకుండా, పీట మీద కూర్చుని తినడం మొదలుపెట్టింది.

అత్తగారు కుండలోకి తొంగి చూసింది. అడుగున అరటాకు తప్ప ఏమీ లేదు.

"మరి వాడికేదే?"

నకివాలా నోట్లో ముద్ద నమిలి, మింగి, నెమ్మదిగా చెప్పింది.

"ఆయన చేతులు మొదట్నుంచీ శుభ్రంగానే ఉన్నాయి కదా అత్తయ్యా. వండుకోమనండి."