శుభలేఖ కింద పేరు

నేను ఒక పెట్టెడు అక్షరాలను. సీసంతో పోసిన, తీగల్లా వంపులు తిరిగిన తెలుగు అక్షరాలను.

మద్రాసులో ఒక ముసలి చిత్రకారుడు నన్ను గీశాడు. కొమ్ము గీసేటప్పుడు ఊపిరి బిగబట్టేవాడు. వదలగానే దాని చివర చిన్న చుట్ట పడేది. అలా ఆయన ఊపిరి కాస్త నాలో ఉండిపోయింది.

తెనాలిలో వీరరాఘవయ్యగారి ప్రెస్సుకి వచ్చాను. శుభలేఖల్లో వధూవరుల పేర్లకే నన్ను వాడేవారు. ముహూర్తం, విందు, విడిది, ఆ చాకిరీ అంతా మామూలు అక్షరాలదే. జనం నన్ను చూసి "ఎంత అందంగా ఉందో!" అని మురిసిపోయి, ఏం రాసుందో పక్కవాళ్ళని అడిగేవారు.

అక్కడ కార్డులు మడతపెట్టే తిరపతమ్మ భర్త పోయిన మనిషి. యాభై దాటాక వయోజనుల బడిలో అక్షరాలు దిద్దింది. కూతురు మల్లీశ్వరికి పెళ్ళి కుదిరితే శుభలేఖ తానే రాసి తెచ్చింది. కింద, పిలిచేవారి చోట, తన పేరు రాసుకుంది.

వీరరాఘవయ్యగారు కళ్ళజోడు తీశారు. "ఇదెక్కడి ఆనవాయితీ తిరపతమ్మా? భర్త లేని మనిషి పేరు శుభలేఖ మీద ఎవరేస్తారు? మీ బావగారి పేరు వెయ్యాలి గదా."

"ఈ కార్డులు మడిచి దాన్ని పెంచింది నేనండీ. పిలిచేదీ నేనే."

"అయితే ఆయన్నే ప్రూఫు మీద సంతకం పెట్టమను. లేకపోతే రేపు నా మీదకొస్తాడు."

అక్షరాలు పేర్చే దావీదు ఆమె పేరున్న వరసంతటికీ నన్ను తీశాడు. "ఒక్కసారి పడే పేరు. బాగా పడనీ" అన్నాడు.

మర్నాడు బావగారు ఆదినారాయణ వచ్చి ప్రూఫుని చేయి చాచి దూరంగా పెట్టుకుని చూశాడు. "అబ్బ! కింద భలే వేశారయ్యా, రథంలా ఉంది!" అని కలం తీశాడు.

సంతకం పడితే చాలని దావీదు ఊపిరి బిగబట్టాడు. తిరపతమ్మే చెయ్యి అడ్డం పెట్టింది.

"చదివి పెట్టండి బావగారూ."

"చదివాలే."

"ఏమనుంది?"

ఆయన నా వంపుల్లో కాసేపు తిరిగాడు. దారి దొరకలేదు. "నువ్వే చదువు, పెద్ద చదువరివి గదా!" అన్నాడు.

ఆమె నా మీద వేలు ఆనించి, అక్షరం అక్షరం కూడబలుక్కుంది. "మీ రాక కోరే... పెళ్ళికూతురి తల్లి... తిరపతమ్మ."

మిషను తొక్కే మనిషి కాలు ఆపాడు.

ఆదినారాయణ కలం జేబులో పెట్టుకోబోయాడు. "ఊరు నవ్వుద్ది" అన్నాడు.

"నవ్వనీండి. నవ్వినోళ్ళూ భోజనానికొస్తారుగా."

ఆయన మూతి బిగించాడు, కానీ మీసం కదిలింది. "నన్ను మాత్రం ముందు వరసలో కూర్చోబెట్టు" అని గొణుగుతూ సంతకం పెట్టాడు.

తరవాత ప్రెస్సులోకి కంప్యూటరు వచ్చింది. నన్ను కరిగించి, చేపల వలలకి బరువు కోసం కట్టే సీసపు గుండ్లుగా పోశారు. ఇప్పుడు నిజాంపట్నం దగ్గర, సముద్రం అడుక్కి వలను దించుతూ మెల్లగా దిగుతుంటాను. నాకు కొమ్ము లేదు, వంపు లేదు. ఆ పచ్చటి నీళ్ళలో ఒక్కోసారి కూడబలుక్కునే గొంతు ఒకటి వినిపిస్తుంది. తల్లి అన్న మాట దగ్గర ఆగదది. పేరు దాకా వెళ్తుంది.