దొరసాని కంచం

కొత్త మాటొకటి తెలిస్తే నారాయణప్ప కడుపులో దాగదు. ఉరవకొండలో ఇంగ్లీషు పాఠాలు చెప్పే అయ్యవారాయన. ఆ ఆదివారం మధ్యాహ్నం లావుపాటి పుస్తకం చంకన పెట్టుకుని, భార్య ఆంజినమ్మ సంగటి గెలుకుతుంటే వంటింట్లోకి జొరబడ్డాడు.

"ఏమే, లేడీ అంటే ఏందో తెలుసునా నీకు?"

"దొరసాని. పక్కకు జరుగు, పొగ కండ్లల్లో పడ్తాది."

"వెయ్యేండ్ల కిందట ఇంగ్లీషోళ్లు ఆ మాట అన్నింది రొట్టెల పిండి పిసికే ఆడమనిషినే. లార్డ్ అంటే రొట్టెకు కావలుండేవాడు. దొరతనమంతా పిండిలో నుంచి పుట్టిందే!"

"అట్లయితే ఇన్నేండ్లూ నేను దొరసానినే. చెప్పినోడే లేకపాయె," అని నవ్విందామె. "మరి దొరా, ఈపొద్దు నువ్వే కావలుండి అందరికీ పెట్టు, చూస్తాము."

నారాయణప్ప వెనక్కి తగ్గే మనిషా? తలకు తువ్వాలు చుట్టి, చేతులు తడుపుకుని సంగటి కుండ ముందు కూర్చున్నాడు.

ఆ ఏడు వానల్లేక చెనక్కాయ పైరు ఎండిపోతే, పల్లెలో ఉన్న ఇద్దరు తమ్ముళ్లూ తల్లితో సహా ఆర్నెల్ల కిందట అన్న పంచన చేరారు. వాళ్లంతా వరుసగా కూర్చున్నారు. నారాయణప్ప రోజూ తన కంచంలో పడేంత ముద్దే చేసి తల్లికొకటి, తమ్ముళ్లకు చెరొకటి, తనకొకటి పెట్టాడు. తీరా చూస్తే కుండలో అడుగున మాడు తప్ప ఏమీ లేదు.

"ఏమే, ఈపొద్దు పిండి తక్కువ పోసినావా?"

"రోజూ అంతే పోస్తుందిరా," అంది తల్లి సుబ్బలక్ష్మమ్మ.

"మరి నువ్వేం తింటాండావే ఆర్నెల్లుగా?"

"మాడు నాకిష్టం," అంది ఆంజినమ్మ. ఆ అబద్ధం ఆమెకు బాగా అలవాటైనట్టుంది.

నారాయణప్ప సిగ్గుతో చితికిపోయాడు. ఇంట్లో అందరూ తిని లేచాకే ఆమె వంటింట్లో తినేది. ఆ వేళకు ఆయన వసారాలో పుస్తకం తెరిచేవాడు.

తన ముద్దను సగానికి విరిచి ఇంకో కంచంలో వేసి, పక్కన కూర్చోమన్నాడు. ఆమె అత్తవైపు చూసింది.

"కూర్చోవే," అంది సుబ్బలక్ష్మమ్మ. "దొర పెడ్తాంటే వద్దంటారా?"

ఆంజినమ్మ సిగ్గుపడుతూ మొదలుపెట్టింది. రెండో కబళానికి ఆ సిగ్గు పోయింది. గబగబా తిన్నది. పెళ్లయిన ఇన్నేళ్లలో భార్య తింటుండగా నారాయణప్ప చూడటం అదే మొదలు.