దుమ్ము లేని గది

కంప్యూటర్ చిప్పుల ఫ్యాక్టరీలో అందరూ టీచరమ్మ అని పిలిచే ఆవిడకు ఒక్కటే కోరిక: ఆ దుమ్ము లేని గదిలో నిలబడి పని చెయ్యాలి. బంగారం అడిగి ఉంటే మొగుడు ఎప్పుడో కొనిపెట్టేవాడు.

మొదటి మిత్రదేశం ఆవిడను ఆరు నెలలు తన దగ్గర ఉంచుకుని, తెల్లసూటు తొడుక్కోవడం, అందులో గాలి కదలకుండా నడవడం, తుమ్ము ఆపుకోవడం నేర్పి పంపింది. ఆవిడ తిరిగొచ్చేసరికి స్నేహం చెడింది. పెద్దల మధ్య ఏం జరిగిందో ఎవరికీ తెలియదు గానీ, నిన్నటి ప్రాణమిత్రుడు తెల్లారేసరికి పగవాడైపోయాడు. ఆ దేశమంటే ఒంటికాలిమీద లేచే రెండో దేశం పెద్ద మనసు చేసుకుని వచ్చి, గది కట్టి, యంత్రాలు దింపింది. ఒక్క షరతు పెట్టింది: శత్రువు దగ్గర చదువుకున్నవాళ్ళు గడప తొక్కకూడదు.

బయట ఉండి నేర్పితే మాత్రం అభ్యంతరం లేదట. శత్రువిద్య టీచరమ్మ దగ్గరుంటే అంటు, ఆవిడ నోటి నుంచి ముప్పైమంది చెవుల్లో పడితే మడి. ఆవిడ క్యాంటీన్ నేలమీద సుద్దముక్కతో గది గీసి, బల్లలనే యంత్రాలనుకోమని, ముప్పైమందికి నడక నేర్పింది. అందులో సొంత ఆడపడుచు కూడా ఉంది. నేర్చుకున్నవాళ్ళు లోపలికెళ్ళారు, నేర్పినావిడ గది అద్దం ఇవతల నిలబడి చూసింది. ఇంట్లో భోజనాల దగ్గర ఆడపడుచు యంత్రాల కబుర్లు మొదలుపెట్టేది, వదిన మొహం చూసి మాట మింగేసేది.

రెండేళ్ళు తిరక్కుండానే పెద్దలు మళ్ళీ అలిగారు. రెండో దేశం యంత్రాలు నడవకుండా తాళం బిగించి వెళ్ళిపోయింది. మొదటి దేశం నవ్వుకుంటూ తిరిగొచ్చింది, తన షరతు తానూ తెచ్చుకుంది: శత్రువు హయాంలో ఆ గదిలో పనిచేసినవాళ్ళెవరూ ఇక లోపలికి రాకూడదు. కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం. జల్లెడపట్టగా, పని తెలిసి, ఆ గదిలో కాలు పెట్టని మనిషి ఒక్కరే తేలారు.

కబురు విన్న టీచరమ్మ పరుగున వచ్చి సూటు తొడుక్కుంది. అంత సంతోషం. గుమ్మం దగ్గర డైరెక్టరుగారు కాగితాల కట్ట, అంటించే టేపు చేతిలో పెట్టారు. మధ్యాహ్నం ఒప్పందం ఫొటోలట. యంత్రాల మీద రెండో దేశం పేరు కనబడకూడదట.

మామూలు కాగితం నూగు రాలుస్తుంది. ఇదివరకు జేబులో చీటీతో వచ్చాడని ఒకణ్ణి ఆవిడే గుమ్మంలోంచి వెనక్కి పంపించింది.

"కాగితం వెళ్తే గది పాడవుతుందండీ," అంది.

"పాడవడానికి అక్కడ పని జరగాలి కదమ్మా, యంత్రాల తాళం ఇంకా ఊడనేలేదు. ఆ ముప్పైమందిలో ఎవర్ని పంపినా వీళ్ళు ఊరుకోరు. దేశం మొత్తానికి లోపలికి వెళ్ళగలిగింది నువ్వొక్కదానివే."

వెళ్ళింది. గాలి కదలకుండా నడిచి, ఒక్కో యంత్రానికీ కాగితం అంటించింది. అద్దం అవతల ముప్పైమందీ చూస్తున్నారు. ఆడపడుచు తల దించుకుంది. టీచరమ్మకు ఏడుపు తన్నుకొచ్చింది, ఆ ముసుగులో కళ్ళు తుడుచుకునే వీలు లేదు. ఫొటోలాయన అద్దం మీద తట్టి, ఇటు తిరిగి చెయ్యి ఊపమని సైగ చేశాడు. ఊపింది.