బాదం చెట్టు కింద పొట్టు

తెల్లారేసరికి వాకిలి అద్దంలా ఉండాలి. అది అత్తగారి శాసనం. "ఇల్లాలు ఎలాంటిదో వాకిలే చెబుతుంది" అనేది ఆవిడ. కోడలూ తక్కువది కాదు. కాపురానికొచ్చిన ఏడు తన చేత్తో నాటిన బాదం చెట్టు కింద ఒక్క ఆకు మిగల్చకుండా ఊడ్చేది. ఆకులతోపాటు చెట్టు మొదట్లో రోజూ కాస్త చెక్కపొట్టు కూడా రాలి ఉండేది. అదెక్కణ్ణించి వస్తోందో చూసే తీరిక ఎవరికుంది? పొయ్యి మీద పాలు, గదిలోంచి మొగుడి కేక, "నా చొక్కా ఏదీ?" పొట్టు చేటలోకి, చేటలోంచి చెత్తలోకి.

కొన్నేళ్లకి చెట్టు ఒక పక్క ఎండిపోయింది. కాయ నిలవలేదు.

"కొట్టించేద్దాం. ఆదివారం మనిషి వస్తాడు" అన్నాడు భర్త, పేపరులోంచి తలెత్తకుండా. కాఫీ అందిస్తున్న ఆమె అక్కడే నిలబడిపోయింది. ఆ ఇంట్లో తనదని చెప్పుకోడానికి ఉన్నది ఆ చెట్టొక్కటే.

"ఏంటలా ఉన్నావు?"

"ఏం లేదు" అంది, ఎప్పటిలాగే.

ఆ మర్నాడే జ్వరమొచ్చి మంచాన పడింది. చీపురు ముట్టినవాళ్లు లేరు. అత్తగారికి నడుంనొప్పి, ఆయనకి వంగడం రాదు. ఆమె లేచి వచ్చేసరికి చెట్టు మొదట్లో పొట్టు చిన్న పుట్టలా పేరుకుని ఉంది. సరిగ్గా దానికి పైన, కాండంలో వేలు దూరేంత కన్నం. ఆమె కూచుని గుప్పెడు పొట్టు తీసి చూసింది. చెట్టు ఇన్నాళ్లూ రోజూ చెబుతూనే ఉంది. తనే రోజూ ఊడ్చి పారేసింది.

ఇనప తీగ తెచ్చి కన్నంలో పెట్టి తిప్పింది. బొటనవేలంత తెల్లటి పురుగు, తిని తిని బలిసింది, తీగకి గుచ్చుకుని వచ్చింది. వెతికి మరో రెండు లాగి, కన్నాలను బంకమట్టితో మూసింది.

"ముందా చెత్త ఊడ్చవే. వచ్చేపోయేవాళ్లు చూస్తారు" అంది అత్తగారు గుమ్మంలోంచి.

"చూడనీండి అత్తయ్యా. ఇక ఈ చెట్టు కింద రోజూ ఊడవను. ఊడిస్తే పురుగు ఎక్కడ తొలుస్తోందో తెలీడం లేదు."

"చోద్యం. మా కాలంలో..." అని ఆవిడ ఆగిపోయింది. గుమ్మం దిగి వచ్చి ఆ పొట్టు వంక చూసింది. "ఆ మూల నాకో నారింజ చెట్టుండేది. ఇలాగే పోయింది" అంది నెమ్మదిగా. "దాని కిందా నేను శుభ్రంగానే ఊడ్చేదాన్ని."

ఆదివారం గొడ్డలి మనిషి వస్తే, "పని లేదు నాయనా" అని అత్తగారే పంపేసింది. కొడుకు గొణిగితే విననట్టు లోపలికెళ్లింది.

నాలుగు వానలు పడ్డాక ఎండిన పక్కన ఒక కొమ్మ చిగురేసింది. ఆ సాయంత్రం కోడలు దాన్ని వేలితో తాకి చూసి లోపలికొచ్చింది.

"ఏంటలా ఉన్నావు?" అన్నాడు భర్త, ఎప్పటిలాగే.

'ఏం లేదు' అన్న మాట నోటిదాకా వచ్చింది. తడిచేయి కొంగుకి తుడుచుకుని, అతని ఎదురుగా కుర్చీ లాక్కుంది.

"చాలా ఉంది. ఆ పేపరు పక్కన పెట్టండి, చెప్తాను."